నూకమ్మ తిన్న రొట్టె

బాగ్‌బేరా కాలనీలో ఎలకలు కూడా రైల్వే డ్యూటీ చేసేవి. ఈ మాటంటే మా మనవలు నవ్వుతారు. నవ్వనివ్వండి. టాటానగర్ గూడ్స్ షెడ్డులో బియ్యం బస్తాలు దింపినప్పుడల్లా షిఫ్టు మారినట్టు ఒక జట్టు షెడ్డులోకీ, ఇంకో జట్టు మా క్వార్టర్లలోకీ బారులు తీరి నడిచేవి. అందులో ఒకటి గార్డుగారి పచ్చజెండా ఎత్తుకుపోయి, దాన్నే పొత్తిగుడ్డ చేసుకుని పిల్లల్ని కన్నదని నేను చెబితే కాలనీలో ఎవరూ నమ్మలేదు. నమ్మిన మనిషి ఒక్కతే. నమ్మడమే కాదు, ఆ ఎలకలకు పేర్లు కూడా పెట్టింది. లావుపాటిది యార్డు మాస్టరు. తోక తెగింది టీటీ.

"ఆ టీటీగాడు సూడు బాబూ, టిక్కట్టు నేకుండా నా ఇంట్లోకొచ్చి, నా పిండి తిని, నన్నే ఉరిమి సూత్తన్నాడు" అనేది.

ఆవిడ నూకమ్మ. మా క్వార్టరుకూ వాళ్ళ క్వార్టరుకూ నడుమ ఒకటే గోడ. ఆ గోడకు ఇటు ఆవిడ మాట వినిపించని పూట లేదు. పాలకొండ దగ్గర ఏదో పల్లె నుంచి పెళ్ళయిన ఏడాదికే మొగుడి వెంట రైలెక్కి వచ్చేసింది. మొగుడు అసిరయ్య యార్డులో పాయింట్స్‌మేన్. బండి ఏ పట్టా మీదికి పోవాలో ఆ పట్టా మార్చే పని. ఎండలోనూ వానలోనూ ఆ ఇనప మీటలతోనే కాలం గడిపి, ఇంట్లో కూడా ఇనుములాగే ఉండేవాడు. కొట్టడు, తిట్టడు, మాట్లాడడు. నూకమ్మ ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది.

కడుపులు నిలవలేదు. రెండుసార్లు నిలిచినట్టే నిలిచి పోయాయి. ఆ తరువాత ఆ ఊసు ఎత్తడం మానేసి, స్టేషన్ గేటు దగ్గర పునుకులు వెయ్యడం మొదలుపెట్టింది. శనగపిండి, బియ్యప్పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప. పొద్దున్న డ్యూటీ దిగేవాళ్ళూ, ఎక్కేవాళ్ళూ ఆవిడ మూకుడు చుట్టూ మూగేవారు. బీహారీలు, ఒరియా వాళ్ళు, మనవాళ్ళు, అందరితోనూ ఆవిడది ఒకటే భాష. మాట హిందీ, గొంతు పాలకొండ. "జల్దీ లే బాబూ, గరమ్ ఉంది, మూతి కాలితే హమ్‌కో మత్ బోలో" అంటే వాళ్ళకు అర్థమయ్యేది. నేను కాన్వెంటులో ఆంగ్లో ఇండియన్ సిస్టర్ల దగ్గర బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న ఇంగ్లీషు కంటే ఆ హిందీ ఎక్కువ మందికి అన్నం పెట్టింది.

పార్సిలాఫీసులో గుమస్తాని కనక నన్ను బాబూ అనేది. మా ఆవిడ జానకిని మాత్రం అక్క వరస కలిపి అప్పా అనేది.

అసిరయ్యకు ఒక్క అలవాటు ఉండేది. గిన్నెలో ఉన్నదంతా తినేసేవాడు. అది పిసినారితనం కాదు, పెడసరమూ కాదు. తన తరువాత తినాల్సిన మనిషి ఒకరు ఉన్నారని అతనికి తోచేది కాదు, అంతే. వాళ్ళ అమ్మ అలాగే పెట్టి ఉంటుంది. నూకమ్మ అడుగంటిన గంజి తాగి లేచేది. మా జానకి ఒకసారి నిలదీసింది.

"ఎందుకే, ఒక ముద్ద నీకు పక్కన పెట్టుకోకూడదూ?"

"నాను పెట్టుకుంటే ఏటప్పా గొప్ప? ఆడు దాసిపెట్టాల, నాను తినాల. అప్పుడు గదా రుసి" అని నవ్వేసింది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు వానాకాలంలో ఎలకలు మరీ పెచ్చుమీరాయి. నూకమ్మ పిండి బస్తాకు అడుగున చిల్లి పెట్టాయి. ఒక సోమవారం పొద్దున్న గేటు దగ్గర పునుకుల్లో ఎలక వెంట్రుక వచ్చిందని ఎవరో గొడవ చేశారు. ఆ రోజంతా గోడ అవతల నుంచి అసిరయ్యకు అక్షింతలు పడ్డాయి. "రైలు తోవ మార్సీగలవు గానీ ఎలక తోవ మార్సలేవేటి మావా?" అని. అసిరయ్య చొక్కా తొడుక్కున్నాడు. జుగ్‌సలాయి బజారుకు పోయి, రోడ్డు మీద గుడ్డ పరుచుకుని అమ్మేవాడి దగ్గర ఎలకల మందు గొట్టం ఒకటి కొనుక్కొచ్చాడు. పళ్ళు తోముకునే పేస్టు గొట్టంలా ఉంటుంది. పైన చచ్చిన ఎలక బొమ్మ, కింద చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. లోపల పసుపు ముద్ద. వాసన అచ్చం వెల్లుల్లి.

మర్నాడు నూకమ్మ గేటు దగ్గర ఉండగా అసిరయ్య డ్యూటీ దిగి వచ్చాడు. తన కోసం చేసి ఉంచిన రొట్టెల్లో ఆఖరిది తీసి, దాని నిండా ఆ ముద్ద రాశాడు. బస్తా మూల కన్నం దగ్గర పెడదామని లేచేసరికి, డ్యూటీకి పిలుచుకుపోయే కాల్‌మేన్ తలుపు కొట్టాడు. యార్డులో రెండు వ్యాగన్లు పట్టా తప్పాయి, ఉన్నవాళ్ళంతా రావాలి. అసిరయ్య ఆ రొట్టెను కంచంలో పెట్టి, కాకి ఎత్తుకుపోకుండా గిన్నె బోర్లించి, గూట్లో పెట్టి పరుగెత్తాడు. అతని జాగ్రత్త అతను పడ్డాడు.

నూకమ్మ మూకుడు, పొయ్యి సర్దుకుని, రేషను కిరసనాయిలు లైనులో కూడా నిలబడి, మధ్యాహ్నం దాటాక ఇంటికి వచ్చింది. గూట్లో కంచం. కంచం మీద గిన్నె. గిన్నె కింద రొట్టె, దాని మీద వెల్లుల్లి కారం.

సాయంత్రానికి కడుపులో మంట, వాంతులు. చీకటి పడకముందే అసిరయ్య వచ్చాడు. గూట్లోకి చూసి అడిగాడు.

"రొట్టేదే?"

"తినీసినాను. బాగా దాసినావు గానీ మావా, కారం కాదది, నిప్పు."

అప్పటికి నేను ఆఫీసులోనే ఉన్నాను. ఈ మాటలన్నీ గోడ ఇవతల నుంచి జానకి విన్నది. తరువాత అసిరయ్య గొంతు తగ్గించి ఆవిడకు ఏదో చెప్పాడట. అసిరయ్య ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని వీధి చివర కాంపౌండరు దుకాణానికి తీసుకుపోవడం మాత్రం చూసిందట. పెళ్ళాం చెయ్యి పట్టుకుని అతను వీధిలో నడవడం అదే మొదలు.

అక్కడ జరిగిందే అసలు సంగతి. మన భాషలో మందు అనే మాట పెద్ద దగాకోరు. బతికించేదీ మందే, చంపేదీ మందే, సాయంత్రం సీసాలో పోసుకునేదీ మందే. కాంపౌండరు బీహారీ.

"క్యా హువా?" అని అడిగాడు.

అసిరయ్య మనసులో ఉన్నది మందు తిన్నాదని. దాన్ని హిందీలోకి మార్చి "దవా ఖాయా" అన్నాడు. దవా అంటే వాళ్ళకు ఔషధం.

"కౌన్ సా దవా?"

ఏ మందు అని అడిగిన ఆ ప్రశ్నకు నిజం చెప్పవచ్చు. కానీ ఎలక అన్న మాట నోట్లోనే ఆగిపోయింది. విషం అంటే పోలీసు. పోలీసు అంటే మొగుడే పెట్టాడంటారు. పిల్లలు లేని పెళ్ళాం, ఇంకో పెళ్ళికి అడ్డం, ఎవరికి తోచింది వాళ్ళు అంటారు. అసిరయ్య తల వంచుకుని "పేట్ కా" అన్నాడు. కడుపునొప్పి మాత్ర ఏదో పడలేదనుకుని కాంపౌండరు గులాబీరంగు మిక్చరు ఒక సీసాలో పోసి పంపేశాడు. ఇంటికి వచ్చాక కడుపు చల్లబడుతుందని మా జానకి గ్లాసుడు పాలు కాచి, అందులో ఇంత నెయ్యి వేసి తాగించింది.

తెల్లవారేసరికి నూకమ్మ మామూలుగా లేచింది. మధ్యాహ్నానికి ఉల్లిపాయలు తరుగుతోంది. జానకి పలకరించడానికి వెళితే కడుపు పట్టుకుని నవ్వుతూ చెప్పిందట.

"అప్పా, నాను ఎలకల మందు తినీసినాను. నాకేటీ కానేదు. మరి ఆ టీటీగాడు ఎలగ సత్తాడో, ఏటో!"

జానకి నవ్వలేదు. నాకు కబురు పంపింది. నేను పోయి ఆ గొట్టం అడిగాను. అసిరయ్య బియ్యం డబ్బా వెనక నుంచి తీసి ఇచ్చాడు.  కళ్ళజోడు పైకి నెట్టి ఆ చీమ అక్షరాలు చదివాను. ఫాస్ఫరస్. మా కాన్వెంటులో సైన్సు సిస్టరు దాన్ని సీసాలో నీళ్ళకింద ముంచి ఉంచేది. గాలి తగిలితే అంటుకుంటుంది పిల్లలూ, ఇది నిద్రపోతున్నట్టు నటిస్తుంది అని చెప్పేది. గొట్టం మీద అక్షరాలు కూడా అదే చెబుతున్నాయి. మొదట వాంతి. తరువాత తగ్గినట్టు ఉంటుంది. ఆ తరువాత కాలేయం.

"నూకమ్మా, లే. పెద్దాసుపత్రికి పోదాం."

"ఎందుకు బాబూ? రాయినాగ ఉన్నాను."

"ఇది తగ్గడం కాదు. కాచుకుని కూర్చోవడం."

"నీ కతలు నాకాడ సెప్పకు. ఎలక పచ్చజెండాలో పురుడోసుకున్నాదంటే నమ్మినాను. ఇసం నా కడుపులో కూకుని ఎయిటింగు సేత్తాదంటే నమ్మమంటావేటి?"

అసిరయ్య అప్పుడు నోరు తెరిచాడు. "ఓలె నూకీ, ఎల్దామే" అన్నాడు. అంతే. ఆ గొంతులో ఏముందో గానీ ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి లేచింది.

ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరమ్మ. చిన్న వయసు, పెద్ద కళ్ళజోడు. గొట్టం చూసింది, నూకమ్మ నాలుక చూసింది, పొట్ట నొక్కింది. నన్ను ఇంగ్లీషులో అడిగింది.

"ఎంత తిన్నదో అడగండి. అన్నిటికంటే అది ముఖ్యం. కొంచెమైతే గట్టెక్కవచ్చు. ఎక్కువైతే దీనికి విరుగుడు అంటూ లేదు. కాలేయం దెబ్బ తినడం మనం చూస్తూ ఉండాల్సిందే."

నేను చివరి మాటలు మింగేసి అడిగాను. నూకమ్మ చిటికెన వేలి గోరు చూపించింది.

"గోరంత. నోట్లో ఎట్టుకుని ఉమ్మీసినాను."

డాక్టరమ్మ రాసుకుంది. ఇంకేమైనా తాగిందా అని అడిగింది. పాలూ నెయ్యీ అని చెప్పాను. కలం ఆగింది. కొవ్వుతో కలిస్తే ఈ విషం ఒంట్లోకి ఇంకా బాగా పోతుందండీ అంది, ఎవరినీ తప్పు పట్టకుండా. ఆ ముక్క నేను జానకి బతికున్నన్నాళ్ళూ ఆమెకు చెప్పలేదు.

వార్డులో మంచం ఇచ్చారు. అసిరయ్య మందుల చీటీ పట్టుకుని కిందికి దిగగానే నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"గోరంతకు అంత వాంతి కాదు నూకమ్మా. నిజం చెప్పు."

అసిరయ్య దిగిపోయిన మెట్ల వైపు ఒకసారి చూసుకుంది.

"మొత్తం తిన్నాను బాబూ."

"నోరు మండలేదూ?"

"మండినాది. గొంతు కాలినాది. ఈడికి కారం నూరడం ఎక్కడొచ్చు, వెల్లుల్లి ఎక్కువేసీసినాడు అనుకున్నాను."

"మరి పారెయ్యలేదేం?"

"ఎలగ పారేత్తాను? ఇన్నాళ్ళ కాపురంలో ఒక్కనాడు దాసినాడు. గిన్నె కూడా బోర్లించి దాసినాడు. బాగులేదని పారేత్తే ఆడు మల్లా దాత్తాడేటి?"

 ఆవిడే మళ్ళీ అందుకుంది.

"ఆ డాట్రమ్మకి సెప్పకు. కారం కారంగా ఉన్న రొట్టి ఎవులైనా అంతా తింటారా, సావడానికే తిన్నాదంటారు. నేదంటే ఆడే తినిపించినాడంటారు. మొగుడు దాసినాడని తిన్నానంటే ఈ ఊర్లో ఎవులు నమ్ముతారు బాబూ?"

నేను డాక్టరమ్మకు చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను. వరండాలో నిలబడి విన్నది. ఎందుకు తిన్నదో కూడా చెప్పాను. గోరంత అని రాసినదాన్ని కొట్టేసి, పూర్తి రొట్టె అని రాసింది. రాసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"తెలిసింది కాబట్టి వేరే మందు ఇస్తారా?" అన్నాను.

"వేరే మందు లేదు. రేపు ఎల్లుండి ఆవిడ బాగానే ఉన్నానంటుంది. ఇంటికి పోతానంటుంది. పంపవద్దు."

నూకమ్మ అలాగే అన్నది. మర్నాడంతా వార్డును నవ్వించింది. పక్క మంచం ముసలావిడకు జడ వేసింది. ఆసుపత్రి కిచిడీని చూసి, ఇది తింటే యార్డు మాస్టరు ఎలక కూడా రాజీనామా పెడతాది అంది. నా పేరు నీలకంఠం కదా, దాని మీద కూడా ఒకటి విసిరింది.

"ఇసం మింగినోడి పేరెట్టుకుని నువ్వు ఆపీసుకి పోతన్నావు. మింగింది నాను. నాయమేనా బాబూ?"

అసిరయ్య ఆ మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఉండేవాడు. తన టిఫిను డబ్బాలోంచి అరటిపండు తీసి, ఒలిచి, సగం విరిచి ఆవిడకు పట్టేవాడు. తను తినేవాడు కాదు. నూకమ్మ దాన్ని కొరుకుతూ మా జానకి వంక చూసి కళ్ళు ఎగరేసేది, చూశావా అన్నట్టు. నాకు ఆ అరటిపండు సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఏదోలా ఉంటుంది. ఆ ఒక్కరోజు ఆవిడ కొత్తపెళ్ళికూతురులా ఉంది.

ఆ మరుసటి పొద్దున్న కళ్ళు పచ్చబడ్డాయి. పసుపు రాసినట్టు ఒళ్ళంతా పాకింది. మధ్యాహ్నానికి చిగుళ్ళలోంచి నెత్తురు. డాక్టరమ్మ నా వైపు చూసి తల ఒక్కసారి అడ్డంగా ఊపింది. విషం కేసు కనక ఆసుపత్రి వాళ్ళు ఠాణాకు కబురు పెట్టారు. పోలీసు జమాదారు ఒకడు వచ్చి, వరండాలో అసిరయ్యను గోడకు నిలబెట్టి అడగడం మొదలుపెట్టాడు. గొట్టం ఎవరు కొన్నారు? రొట్టెకు ఎవరు రాశారు? గిన్నె ఎందుకు బోర్లించావు? కాంపౌండరుకు అబద్ధం ఎందుకు చెప్పావు? ప్రతి ప్రశ్నకూ అసిరయ్య అవును అంటున్నాడు. నేనే కొన్నాను. నేనే రాశాను. నేనే బోర్లించాను. ఇంకో నాలుగు మాటలు అడిగితే నేనే చంపానని కూడా అనేసేవాడు.

లోపల నూకమ్మకు అవన్నీ వినిపిస్తున్నాయి. చెయ్యి కదిపి నన్ను పిలిచింది. నోరు ఎండిపోయి మాట పెగలడం లేదు.

"బాబూ, మందుని ఇందీలో ఏటంటారు?"

"దవా."

"అది కాదు. మనిసిని సంపీది."

"జహర్."

పెదవులతో రెండుసార్లు అనుకుంది. పరీక్షకు ముందు పిల్లలు అనుకున్నట్టు. తరువాత జమాదారును పిలవమంది. డాక్టరమ్మ కూడా వచ్చి నిలబడింది. జీవితమంతా గేటు దగ్గర పునుకులు అమ్మిన ఆ హిందీతోనే, ఒక్కో మాటా తడుముకుంటూ చెప్పింది.

"హమ్ జహర్ ఖాయా. హమ్ ఖుద్ ఖాయా. భూల్ సే. చూహా కా థా. ఆద్మీ డ్యూటీ మే థా. ఆద్మీ కా దోష్ నై."

ఎలకల విషం పొరపాటున తనే తిన్నదని, మొగుడు డ్యూటీలో ఉన్నాడని, అతని తప్పు లేదని రాసుకుని జమాదారు మళ్ళీ అడిగాడు, ఎవరైనా ఇలా చెప్పమన్నారా అని. ఆవిడకు కోపం వచ్చింది. ఆ పచ్చటి కళ్ళతోనే ఉరిమి చూసింది.

"నాను ఎవులు సెప్తే ఇన్నాను?" అంది తెలుగులో. నేను అనువాదం చెయ్యలేదు, అయినా అతనికి అర్థమైనట్టే ఉంది. డాక్టరమ్మ సాక్షి సంతకం పెట్టింది. నూకమ్మ వేలిముద్ర వేసింది. సిరా తుడుద్దామని అసిరయ్య తువ్వాలుతో వస్తే, ఆ వేలితోనే అతని చెయ్యి పట్టుకుంది. తరువాత ఆవిడ మాట్లాడినవి మాటలు కావు. పాలకొండ వైపు పొలాలూ, ఎవరివో పేర్లూ. మరుసటి రోజు ఉదయం షిఫ్టు మారే సైరను మోగుతుండగా పోయింది.

ఖర్కాయి నది ఒడ్డున దహనం కానిచ్చాం. వాన పడుతూ ఉంటే కట్టెలు అంటుకోక చాలా అవస్థ పడ్డాం. గేటు దగ్గర ఆవిడ పునుకులు తిన్నవాళ్ళు, పేరు తెలియని బీహారీ కూలీలు కూడా గొడుగులు లేకుండా వచ్చి నిలబడ్డారు.

దినాలు వెళ్ళాక అసిరయ్యను ఠాణాకు రమ్మన్నారు. తోడుగా నేను వెళ్ళాను. లోపల ఎంతోసేపు పట్టలేదు. చనిపోయిన మనిషి చెప్పిన మాట ఉంది, డాక్టరు సంతకం ఉంది. కేసు లేదు, పొరపాటున జరిగింది, పో అని వదిలేశారట. నేను బయట టీ దుకాణం దగ్గర నిలబడి ఉంటే అతను మెట్లు దిగి వచ్చాడు. నాలుగో మెట్టు మీద ఆగిపోయాడు. దిగడు, వెనక్కి పోడు.

"రా అసిరయ్యా, ఇంటికి పోదాం" అన్నాను.

అతను నా వైపు చూశాడు. ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నవాడిలా, ఎవరో తనకు పెద్ద అన్యాయం చేసినట్టు, ఠాణా వైపు చెయ్యి చూపించి అన్నాడు.

"నన్నొగ్గీసినారు బాబూ."